పొట్టి ఆయ్, పొడుగు ఆయ్

ఆయన పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. మాట్లాడుతున్నది ఆయన భార్య.

"మీ బాబాయిగారు తెల్లారగట్ల వెళ్లిపోయేరండి" అన్నారావిడ.

నేను "ఆయ్" అన్నాను.

ఆవిడ "విన్నారా?" అన్నారు.

"ఆయ్."

వేరే ప్రాంతం వాళ్లకి ఇది మర్యాదగా తోచదు. మనిషి పోయాడంటే అయ్యో అనాలి గాని ఆయ్ అంటారా అని అడుగుతారు. ఏం చెయ్యను? కోనసీమలో పుట్టినవాడికి పాలపళ్ల కన్నా ముందు ఆయ్ మొలుస్తుంది. అవునన్నా ఆయ్, సరేనన్నా ఆయ్, వింటున్నాను చెప్పండన్నా ఆయ్, మీరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదన్నా ఆయే. భయమేస్తే కొందరికి అమ్మా అని వస్తుంది, కొందరికి దేవుడి పేరు వస్తుంది. నాకు ఆయ్ వస్తుంది.

ఆ పొద్దున నాకొచ్చింది దుఃఖం కాదు, భయం. ఆయన చావు కబురుకి భయమెందుకో చెప్పాలంటే ముందు ఆయన్ని చెప్పాలి.

బాబాయిగారని పిలిచేవాణ్ణే గాని మాకు చుట్టరికం లేదు. ఆయనది కపిలేశ్వరపురం దగ్గర ఏటిగట్టు కింద ఊరు. నాది బండారులంక. ఇద్దరి మధ్యా గోదావరి ఉంది. అంత నీరు విడదీసిన మమ్మల్ని నీటిచుక్క లేని ఎడారి కలిపింది. మనవాళ్లు ఇక్కడే పేరడగక ముందు వరస కలుపుతారు, అక్కడ చెప్పాలా? మొదటి రోజు నన్ను చూసి "మనోరేనా అండి?" అన్నారు. "ఆయ్" అన్నాను. అంతే, బాబాయిగారైపోయారు.

ఆయన అక్కడ ప్రాజెక్టు మేనేజరు. నేను ఆయన కింద సైటు ఇంజనీరు. అలా అనుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. కాగితాల్లో సైటు అసిస్టెంటు అని ఉండేది. పాలిటెక్నిక్‌లో నేను సివిల్ చదివాను. ఆ మాటకి మర్యాద అని అర్థమనీ, పిల్లాడు బాగుపడతాడనీ మా నాన్నగారు సంతోషించారు.

కడుతున్నది ఒక దేశంలో ఇంకో పెద్ద దేశం వాళ్ల ఎంబసీ. ఏ దేశం, ఏ దేశంలో అన్నది చెప్పను. చెప్పనని సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని ఈపాటికి చెదలు తినేసి ఉంటాయి. సంతకం పెడుతున్నప్పుడు పుట్టిన భయాన్ని మాత్రం ఏ చెదా ముట్టలేదు.

చుట్టూ రెండు నిలువుల ఎత్తు గోడ. లోపల ఆఫీసు, కాపలావాళ్ల క్వార్టర్లు, వీసాల కోసం వచ్చేవాళ్లు కూర్చోడానికి పెద్ద హాలు, ఆ హాలు ముందు పోర్టికో. రోజూ పొద్దున్న గేటు దగ్గర చొక్కా విప్పాలి, బూట్లు విప్పాలి, అన్నం క్యారేజీ విప్పాలి. ఓసారి నా క్యారేజీలో గోంగూర పచ్చడి చూసి ఇద్దరు తుపాకీ గార్డులు రెండడుగులు వెనక్కి వేశారు. డ్రాయింగులు లెక్కపెట్టి ఇచ్చేవారు, లెక్కపెట్టి పుచ్చుకునేవారు. ఏమీ తోచక కాగితం మీద ఒక గీత గీస్తే, ఆ గీత ఎక్కణ్ణుంచి ఎక్కడికని నన్ను ఒక పూట కూర్చోబెట్టారు. ఐదుగురు కూలీలకి ఒక గార్డు చొప్పున మరుగుదొడ్డి దాకా వెంట వచ్చేవాడు. మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో అడగడానికి కూడా భయమేసేది.

"ఇక్కడ కట్టడం కన్నా కట్టడి ఎక్కువండి" అనేవారు బాబాయిగారు, పెదవులు కదపకుండా.

ఆయన భయస్తుడు. ఇది నిందగా అనడం లేదు. ఆయన భయం ఆయన పనిముట్టు.

పైకి చూస్తూ నడిచేవారు. కొబ్బరితోటల్లో పెరిగినవాళ్లకి అందరికీ ఉన్న అలవాటే అది, కాయ ఎప్పుడు నెత్తిన పడుతుందో తెలియదు కనక. ఆయన ఆ అలవాటుని విమానమెక్కించి ఎడారికి తెచ్చుకున్నారు. చెట్టన్నది లేని చోట, ఆకాశం తప్ప ఏదీ పడడానికి లేని చోట, రెండడుగులకోసారి పైకి చూసేవారు. గార్డులు కూడా తలెత్తి చూసి, అక్కడేముందో రాసుకునేవారు.

"కొబ్బరికాయ పడేముందు చెప్పదండి" అనేవారు. "స్లాబు చెబుతుంది. వినాలంతే."

ఎవరినైనా అండి అనేవారు. గేటు దగ్గర బాంబులు వాసన పట్టే కుక్క ఒకటి ఉండేది, దూడంత. అది కాళ్ల మధ్యకి మూతి పెట్టి వాసన చూస్తుంటే మేమంతా కళ్లు మూసుకునేవాళ్లం. ఆయన మాత్రం చేతులు కట్టుకుని, "ఆయ్, చూసుకోండి, చూసుకోండి, అయిపోయిందాండి?" అనేవారు. అది నిజంగానే ఆయన్ని తొందరగా వదిలేసేది.

జేబులో ఎప్పుడూ తూకంగుండు ఉండేది. గోడ నిలువు చూసుకోడానికి మేస్త్రులు దారానికి కట్టి వేలాడదీసే ఇత్తడి గుండు. కింద సూదిమొన. మొదటి రోజు దాన్ని చూసి గేటులో ముప్పావుగంట నిలబెట్టారట. తుపాకీలోదీ గుండే, దారానికి వేలాడేదీ గుండే అని ఆయన మన భాషలోంచి అనువదించి చెప్పి ఉంటే ఆ సాయంత్రమే వెనక్కి పంపేసేవారు. మనసు బాగోకపోతే గోడ లేకపోయినా ఆ గుండుని వేలాడదీసి, ఊగుతున్నది ఆగేదాకా చూస్తూ కూర్చునేవారు. "గుండు ఆగితే పని మొదలండి. గుండె ఆగితే పని ఆఖరు. మధ్యలో ఉన్నదంతా ఊగడవే."

ఇక జాకీలు. స్లాబు పోసేటప్పుడు కింద ఇనప జాకీలు నిలబెడతారు, మన ఊళ్లో సరుగుడు కర్రలు పెట్టినట్టు. కాంక్రీటు గట్టిపడేదాకా బరువంతా వాటి మీదే. అవి తీసే రోజున ఏ మేనేజరైనా దూరంగా గొడుగు కింద నిలబడతాడు. ఈయన స్లాబు కిందకి వెళ్లి, సరిగ్గా మధ్యలో నిలబడేవారు. ఒక్కో జాకీనీ వేలి మెటికతో కొట్టి, చెవి పెట్టి విని, అప్పుడు తియ్యమనేవారు.

"మీరెందుకండీ కింద?" అని అడిగాను ఓసారి.

"నేను కిందుంటే తీసేవాడు జాగ్రత్తగా తీస్తాడండి. పైగా నా కాళ్లు వొణుకుతాయి కదా. వొణికింది కాళ్లో స్లాబో తేలేదాకా రెండోది ముట్టుకోనివ్వను. భయవున్నవాడే బిల్డింగులు కట్టాలండి. ధైర్యవున్నవాడు సర్కస్‌లో చేరాలి."

సెంటరింగు పని చేసే సత్తిబాబుది రాజోలు. అతను పక్కనుంచి నవ్వి, "మరి మా ఇంజనీరుగారికి రెండూ లేవు కదండీ, ఎందులో చేర్పిస్తారు?" అన్నాడు.

"ఆయనకి భయం ఉందండి. వాడడం రాలేదింకా" అన్నారు బాబాయిగారు.

కాంపౌండులో మేం మాట్లాడుకోడానికి చేతిరేడియోలు ఇచ్చారు. ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఉత్తర్వు, ఎవరో వింటూ రాసుకుంటారు కనక. ఇంగ్లీషుకేం, మాట్లాడేవాళ్లం. అడుగడుగునా ఆయ్ దొర్లిపోయేది. ఒకరోజు ఆ దేశం తరఫున పనులు చూసే పెద్దాయన, మేం దొరగారనేవాళ్లం, మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. బల్ల మీద కాగితాల దొంతర. మా సంభాషణలట. ప్రతి లైనులో ఒక మాటకి ఎర్రసిరా సున్నా చుట్టి ఉంది.

"ఎవరీ ఐ?" అన్నారు ఇంగ్లీషులో. "ఐ అంటే నేను. ఐ అంటే కన్ను. మీరు ఎవర్ని చూస్తున్నారు? ఎవరి కోసం చూస్తున్నారు?"

బాబాయిగారు పైకి చూసి, కిందకి చూసి, "ఆయ్ అంటే యెస్సండి... యెస్, సర్" అన్నారు.

"ఎప్పుడూనా?"

"ఆయ్, సర్."

బయటికొచ్చాక నేను, "ఎప్పుడూ యెస్ కాదు కదండీ బాబాయిగారూ" అన్నాను.

"కాదని చెబితే ఇంకో గంట కూచోబెడతాడండి. మీకైతే చెబుతాను. పొట్టి ఆయ్ ఉంది, పొడుగు ఆయ్ ఉంది. పొట్టిది చెవి. పొడుగుది సంతకం. చెవి ఇచ్చేనంటే సంతకం పెట్టేనని కాదు. గుర్తుంచుకోండి, మన పనిలో ఇది సిమెంటు కన్నా ముఖ్యం."

గుర్తుంచుకున్నాను. అదే నా గొడవ. తెలియక చేశానని చెప్పుకోడానికి లేదు.

పోర్టికో స్లాబు పోసి పదకొండు రోజులైంది. హాలు గోడలోంచి గాలిలోకి చాపిన చెయ్యి లాంటి స్లాబది. ముందువైపు స్తంభాలు లేవు. అలాంటి దాని కింద జాకీలు అన్నిటికన్నా ఆలస్యంగా తియ్యాలి. ఆ ఉదయం బాబాయిగారు ఇంకా రాలేదు. దొరగారొచ్చారు. ఎవరో పెద్ద మనిషి చూడ్డానికొస్తున్నారట. అద్దాల తలుపులు బిగించేవాళ్లు జాకీలు అడ్డమని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఈ ఇనప అడవి ఎప్పుడు తీస్తారు?" అన్నారు దొరగారు.

పదిహేడు రోజులు ఇంకా ఆగాలని చెప్పడానికి నా దగ్గర ఇంగ్లీషు ఉంది. గొంతు లేదు.

"వై నాట్ నౌ?" అని చేతి వాచీని నా ముక్కు దగ్గరికి తెచ్చారు. సెకన్ల ముల్లు కనిపిస్తోంది.

రేడియో నొక్కాను. ఇంగ్లీషు మరిచిపోయాను. "బాబాయిగారూ, దొరగారు నా పక్కనే ఉన్నారండి. పోర్టికో జాకీలు ఇప్పుడే తియ్యమంటున్నారు. తీయించెయ్యమంటారా?"

గరగర. కుక్క మొరిగిన చప్పుడు. ఆ తర్వాత, "ఆయ్."

ఇంకేం లేదు.

పొట్టిదే. ఇప్పటికీ నా చెవిలో ఉంది, కత్తిరించిన గోరంత. ఆయన అప్పుడు గేటు దగ్గర సోదాలో ఉన్నారనీ, ఆయ్ అనగానే గార్డు చెయ్యి చాపి రేడియో తీసేసుకున్నాడనీ నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ మాట పొట్టిదని మాత్రం అప్పుడే తెలుసు. ముక్కు ముందు వాచీ ఉంది. నాకు కావలసిన పొడుగు నేనే కలుపుకున్నాను.

"తియ్యండి సత్తిబాబూ" అన్నాను.

సత్తిబాబు కదల్లేదు. "పదకొండు రోజులేనండి అయ్యింది. బాబాయిగారు రానివ్వండి."

"అడిగేను. ఆయ్ అన్నారు."

"ఏ ఆయ్ అండి?"

"ఆయ్‌లో ఏవిటయ్యా రకాలు? ఆయ్ అంటే ఆయే!"

సత్తిబాబు నా వైపు ఒక చూపు చూసి, ఇద్దరు మనుషుల్ని తీసుకుని స్లాబు కిందకి వెళ్లాడు. నేను వెళ్లలేదు. దొరగారి పక్కన, ఎండలో, బయటే నిలబడ్డాను.

ఒక జాకీ తీశారు. రెండోది తీశారు. మూడోదాని మర వదులు చేస్తుండగా పైనుంచి ఒక చప్పుడొచ్చింది. పెద్దదేం కాదు. ఎండు కొబ్బరిమట్ట మొదట్లో విడిపోతూ కిర్రుమంటుందే, అంతే. ఆ చప్పుడు దొరగారు వినలేదు. అద్దాలవాళ్లు వినలేదు. నేను విన్నాను. వినీ నోరు తెరవలేకపోయాను. అరిస్తే చప్పుడు నిజమైపోతుందని భయం.

అప్పుడు ఆయన్ని చూశాను, గేటువైపు నుంచి పరిగెత్తుకుంటూ వస్తూ. వట్టి కాళ్లు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేదు. వెనక కుక్క, కుక్క వెనక ఇద్దరు గార్డులు అరుస్తూ, తుపాకులు పైకెత్తి. ఆ కాంపౌండులో పరిగెత్తకూడదని బోర్డు ఉంది. పరిగెత్తితే ఏమవుతుందో బోర్డు చెప్పదు, గార్డుల మొహాలు చెప్పేవి. రెండడుగులకోసారి పైకి చూసే మనిషి, నీడ కదిలితే ఆగిపోయే మనిషి, ఎటూ చూడకుండా వస్తున్నారు.

"సత్తిబాబూ, బయటికి రండి! అందరూ వచ్చెయ్యండి! రండి, రండి!"

ప్రాణాల మీదకొచ్చినప్పుడు కూడా రా అనలేకపోయారు.

వాళ్లు బయటికి దూకారు. ఆయన లోపలికి వెళ్లారు. వదులైన మూడో జాకీని పట్టుకుని మర పైకి తిప్పడం మొదలెట్టారు. సత్తిబాబు మళ్లీ వెనక్కి వెళ్లి, పడుకోబెట్టిన జాకీని ఎత్తి నిలబెట్టాడు. స్లాబు దిగింది. అంగుళమే. ఆ అంగుళంలో, జాకీ తలకాయకీ స్లాబుని మోసే చెక్కకీ మధ్య, బాబాయిగారి ఎడమచెయ్యి ఉంది.

ఆయన అరవలేదు. "ఆగిందండి" అన్నారు. "కదలకండి ఎవరూ. ఆగింది."

గార్డులు తుపాకులు ఎక్కుపెట్టి స్లాబు అంచు దాకా వచ్చి, లోపలికి రావడానికి జంకి ఆగిపోయారు. కుక్క ఒక్కటే లోపలికెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

రెండు వేళ్లు పోయాయి. మనుషులెవరూ పోలేదు. గోడ మొదట్లో చెయ్యి దూరేటంత పగులు. ఆ పోర్టికో మొత్తం తర్వాత పగలగొట్టారు.

మర్నాడు విచారణ. ఏసీ వేసిన చలిగది. ఎంత చలంటే నా పళ్లు చేసే చప్పుడు టేపురికార్డరులో ఎక్కుతుందేమోనని దవడ బిగబట్టుకున్నాను. ఒక వైపు దొరగారు, రాసుకునే అతనూ. మరో వైపు చేతికి కట్టుతో బాబాయిగారు, పక్కన నేను. తియ్యమన్నది దొరగారే కదా అని మీరనొచ్చు. కాదు. వై నాట్ నౌ అన్నది ఉత్తర్వు కాదు, ప్రశ్న. అలా అడగగలిగినవాళ్లే పెద్ద ఉద్యోగాల్లో ఉంటారు.

"హూ గేవ్ ది ఆర్డర్?" అన్నారు దొరగారు.

నేను బల్లని చూస్తున్నాను. చెప్పాలి. చెబితే ఏమవుతుంది? బీరువాలో నా పాస్‌పోర్టు మీద ఏదో ముద్ర పడుతుంది. ఎంబసీ గోడలో కావాలని పగులు తెప్పించాడని రాస్తే జైలు. ఇరవై ఆరేళ్లు నాకు. వచ్చి ఏడు నెలలు. ఇవన్నీ ఒక్క గుటకలో అనుకున్నాను. ఆ గుటక పూర్తయ్యేలోగా పక్కనుంచి వినిపించింది.

"ఆయ్."

దొరగారు ఏమన్నా బాబాయిగారు ముందు ఆయ్ అనేవారు. వింటున్నాను, సెలవివ్వండి అని. అలవాటుగా అన్నారా? లేక ఐ అన్నారా, నేను అని? రెంటికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి. గదిలో చలికి గొంతు బిగుసుకుంటే అది కూడా ఉండదు.

"యూ?" అన్నారు దొరగారు.

ఆయన పైకి చూశారు. అక్కడ తెల్లటి పైకప్పు తప్ప ఏమీ లేదు. "ఆయ్, సర్" అన్నారు.

కలం కదిలిన చప్పుడు. దొరగారు నా వైపు తిరిగి, నువ్వేమైనా చెప్పేది ఉందా అని అడిగారు.

"నో, సర్" అన్నాను.

అప్పటిదాకా జన్మలో ఆయ్ అనకుండా నేనిచ్చిన జవాబు అదొక్కటే.

రెండో రోజు ఆయన్ని విమానమెక్కించారు. మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టకూడదని రాసి పంపారు. గేటు దగ్గర సోదా చేసి పంపేటప్పుడు తూకంగుండు ఇచ్చేశారా లేదా అని అదొక్కటే నాకు పదేపదే గుర్తొచ్చేది, గుర్తు రావలసినవి ఇంకా ఉన్నా. నేను మరో మూడేళ్లు అక్కడే ఉన్నాను. సత్తిబాబు నోటితో ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనేం చెప్పినా "ఆయ్" అని, ఒక్క క్షణం ఆగి, "ఇది పొట్టిదండి ఇంజనీరుగారూ" అనేవాడు. మూడేళ్లూ అన్నాడు.

తిరిగొచ్చాక ఆయన్ని చూడ్డానికి వెళ్లడానికి నాకు ఇంకో సంవత్సరం పట్టింది. అమలాపురంలో బస్సెక్కి, వంతెన దాటి జొన్నాడలో దిగి, ఆటోలో ఏటిగట్టు మీద వెళ్లాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఆటో కుదుపులకి అవన్నీ చెదిరిపోయాయి.

జీవితమంతా స్లాబులు పోసినాయన పెంకుటింట్లో ఉన్నారు. ఏవిటండీ ఇది అంటే, "పెంకు పడితే ఒకటే పడుతుందండి" అన్నారు. నన్ను వాకిట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చోబెట్టి, వెంటనే లేవదీసి, పైకి చూసి, కుర్చీని నాలుగడుగులు ఇవతలకి లాగారు. "పైన గెల ముదిరింది. ఇక్కడ కూచోండి." ఎడమచేతిని తుండుగుడ్డలో దాచుకున్నారు.

పిన్నిగారు కాఫీ తెచ్చారు. నన్ను చూసి, "మీరూ అక్కడే పనిచేసేరటగా అండి? ఈయనగారి వేళ్లు ఎలా పోయేయో మీరైనా చెప్పండి" అన్నారు.

"కారు తలుపులో పడ్డాయని చెప్పేను కదటే" అన్నారు బాబాయిగారు. ఆవిడొక్కరినే ఏకవచనంలో పిలిచేవారు. "అడిగినోళ్లందర్నీ అడుగుతావేంటి?"

ఆవిడ నా వైపే చూస్తున్నారు. నేను "ఆయ్" అన్నాను. ఏ ఆయో నాకే తెలియదు. ఆవిడ లోపలికి వెళ్లారు.

కాఫీ తాగేశాక నేను ఒక్కటి అడగగలిగాను. "బాబాయిగారూ, ఆ రోజు రేడియోలో ఆయ్ అన్నాక, గార్డు లాక్కోకపోతే... తర్వాత ఏం చెప్పబోయేరండి?"

ఆయన జేబులోంచి తూకంగుండు తీశారు. ఇచ్చేశారన్నమాట. తుండుగుడ్డ తీసి, మిగిలిన మూడు వేళ్లతో దారం పట్టుకుని వేలాడదీసి, దాన్నే చూస్తూ చెప్పారు.

"ఏం లేదండి. మీ గొంతు వొణుకుతోంది. భయపడకండి, నేనొస్తున్నాను, వచ్చేదాకా ఏదీ ముట్టుకోకండి అందామని. ముందు భయపడకండి అనేది చెప్పాలని నోటిదాకా వచ్చింది."

గుండు ఊగుతోంది. విచారణ గదిలో మీరన్నది ఆయా, ఐయా అని రెండో ప్రశ్న ఉంది నా దగ్గర. గుండు ఆగాక అడుగుదామనుకున్నాను. గుండు ఆగింది. నేను లేచి, సెలవు తీసుకున్నాను.

అదే ఆఖరు. ఐదేళ్ల తర్వాత ఈ ఫోను.

మధ్యాహ్నానికి వెళ్లాను. వాకిట్లో వెదురు కర్రలతో టెంటు వేశారు. అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. నేను కూర్చోబోతూ, నాకు తెలియకుండానే దగ్గరున్న వెదురుని వేలి మెటికతో కొట్టి విన్నాను. ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. అరుగు మీద ఆయన ఉన్నారు, ఎడమచెయ్యి తుండుగుడ్డలో లేకుండా. ఇక దాచడానికి ఆయన లేరు.

పిన్నిగారు నన్ను పక్కకి పిలిచారు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మాట మాత్రం నిలువుగానే ఉంది.

"ఉన్నన్నాళ్లూ కారు తలుపన్నారు. కారు తలుపులో చెయ్యి పడితే మనిషిని దేశంలోంచి వెళ్లగొడతారాండి? ఎవరో తొందరపడి ఏదో చేసేరు, ఈయన మీదేసుకున్నారు. నాకంతవరకూ తెలుసు. ఎవరో మీకు తెలుసా?"

"ఆయ్" అన్నాను.

ఆవిడ ఏటిగట్టు కింది ఇల్లాలు. వదల్లేదు. "తెలుసన్నట్టా, విన్నానన్నట్టా?"

కాళ్లు వొణుకుతున్నాయి. కాళ్లో, నేలో తేలేదాకా ఆగుదామనుకున్నాను. తేల్చి చెప్పే మనిషి అరుగు మీద ఉన్నారు.

"నేనండి" అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. అరుగు వైపు చూశారు. మళ్లీ నన్ను చూశారు.

తర్వాత, "ఆయ్" అన్నారు.

పొట్టిదో పొడుగుదో పోల్చుకునే ధైర్యం లేక, తలెత్తి పైకి చూశాను.